పది పెట్టాలా, యాభై పెట్టాలా?

రాజోలు వైపు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరంలోని విషయం క్లుప్తంగా ఇది.

వాళ్ళ నాన్నగారు 1987లో ఊరి సెంటర్లో వీడియో షాపు పెట్టారు. మొదట్లో డెక్కు (వీడియో క్యాసెట్లు ఆడించే యంత్రం), టీవీ, మూడు క్యాసెట్లు కలిపి రాత్రికింతని అద్దెకిచ్చేవారు. తర్వాత వీసీడీలు వచ్చాయి, ఆ తర్వాత డీవీడీలు. నిరుడు ఆయన కాలం చేశారు. అదే గదిలో ఈవిడ కొన్నేళ్ళుగా జిరాక్సు, లామినేషను, రీఛార్జి చూసుకుంటున్నారు. వెనక గోడ నిండా ఒరిజినల్ డిస్కులు అలాగే ఉన్నాయి, పదిహేను వందల దాకా ఉంటాయట. అటక మీద రెండు గోనెసంచుల క్యాసెట్లు. నాన్నగారి డెక్కు ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది.

"ఆ డిస్కులు తీసి పారేయడానికి చెయ్యి రాలేదు" అని రాశారు. పాత కస్టమర్లు అడుగుతుంటే రోజుకి పది రూపాయల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టారు. అడిగేది ఎక్కువగా పెద్దవాళ్ళు, ఇంటాయన కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న ఆడవాళ్ళు. ఇంట్లో ప్లేయర్ పాడైనవాళ్ళ కోసం రెండు డీవీడీ ప్లేయర్లు కూడా పెట్టారు. నెలంతా కలిపి డిస్కుల మీద నాలుగైదు వందలు వస్తోంది. "దీనికోసం రోజుకో గంట పోగొట్టుకుంటున్నావు, యాభై చెయ్యి, ఇచ్చేవాడిస్తాడు" అని భర్త పోరు. నాన్నగారితో కలిసి షాపు నడిపిన బాబాయిది ఇంకో మాట: "అన్నయ్య పదికే ఇచ్చాడు, ఎవర్నీ ఏనాడూ డబ్బు అడగలేదు, ఆ పరువు తీయకు." ఆ వెంటనే డిస్కుల్లో సగం తన డబ్బుతో కొన్నవేనని, వచ్చేదాంట్లో సగం తనకి రావాలని కూడా అంటున్నారు.

పెద్దనాన్నగారబ్బాయి సంక్రాంతికి ఆరు డిస్కులు పట్టుకెళ్ళాడు. ఉగాది వెళ్ళిపోయింది. అడిగితే "ఏంటే, మన షాపేగా, ఎక్కడికీ పోవులే" అన్నాడు. అదే సమయంలో రెండు రోజులు ఆలస్యంగా తెచ్చిన ఒక మాస్టారి దగ్గర ఇరవై రూపాయలు ఫైను తీసుకుంటే, ఆయన మళ్ళీ షాపు గుమ్మం తొక్కలేదు. "అద్దె ఎంత పెట్టాలి? ఫైను వేయాలా, మానాలా? నాన్న పేరు చెడకుండా దీన్ని నడపడం ఎలా?" అన్నది ప్రశ్న. ఉత్తరంతోపాటు నాన్నగారి 1991 నాటి రిజిస్టరులో ఒక పేజీ ఫొటో కూడా పంపారు.

జవాబు

అమ్మా, మీ ఉత్తరంలో మూడు గొడవలు ఒక అంకె మీదకొచ్చి కూర్చున్నాయి. మీ ఆయన యాభై అంటున్నప్పుడు ఆయన కళ్ళముందున్నది మీ శ్రమ. బాబాయిగారు పది అంటున్నప్పుడు ఆయన కళ్ళముందున్నది అన్నగారు, కొంత తన వాటా. డిస్కు అద్దె గురించి నిజంగా ఆలోచిస్తున్నది మీరొక్కరే.

ముందు మీ ఆయన లెక్క చూద్దాం. నెలకి నలభై అయిదు సార్లు డిస్కులు బయటికెళ్తున్నాయనుకోండి, పది చొప్పున 450. యాభై చేసి, ఒక్క మనిషి కూడా తగ్గకుండా వస్తే 2,250. తగ్గకుండా రారు. పాత తెలుగు సినిమాలు చాలావాటిని హక్కులున్న కంపెనీలే యూట్యూబ్‌లో ఊరికే పెట్టేశాయి. మనవడు ఫోను చేతిలో పెట్టి వెతికిపెడితే యాభై మిగిలినట్టే. అయినా మీ దగ్గరికి ఎందుకొస్తున్నారు? వెతుక్కోవడం రాక, చిన్న తెర మీద కళ్ళు లాగి, మధ్యలో ప్రకటనలు భరించలేక, కొంతమంది మీ నాన్నగారి షాపు కదా అని. ఆ కారణాల విలువ పది నుంచి ఇరవై అయిదు దాకా ఉంటుందేమో. యాభై దగ్గర మాత్రం విరిగిపోతుంది.

ఇక బాబాయిగారి పది. ఆ రేటు అన్నగారి ధర్మగుణం వల్ల పుట్టిందని ఆయన నమ్ముతున్నారు, నేను నమ్మడం లేదు. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి అమ్మకానికి పెట్టింది. అంతకుముందు ఒరిజినల్ డీవీడీ అంటే వందల్లో మాట. కొనుక్కుంటేనే 28 అయినప్పుడు అద్దె పది దాటితే ఎవరు తీసుకుంటారు? దేశంలో వీడియో షాపులన్నిటికీ అదే తాకిడి. మీ రాకుల్లో ఆ డిస్కులు ఉండే ఉంటాయి, అట్ట వెనక ధర ఒకసారి చూడండి.

దీనికి సాక్ష్యం మీరు పంపిన పేజీలోనే ఉంది. 1991లో నాన్నగారు కొత్త సినిమాకి 15, పాతదానికి 5 రాశారు. డెక్కు, టీవీ, మూడు క్యాసెట్లకి 150. అంటే ఆయనకి ఒకే రేటు అన్నది ఎప్పుడూ లేదు. ఇంకా కుడివైపు చూడండి, 'అడ్వాన్సు' అని ఒక గడి గీసుకున్నారు. కింద నుంచి మూడో వరసలో 'చిన మావయ్య' అని ఉంది, ఎదురుగా 200. ఆ 200 చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కనే 'తిరిగి ఇచ్చాను' అని పొడి అక్షరాల్లో రాసుకున్నారు. సొంత చిన మావయ్య దగ్గర అడ్వాన్సు తీసుకున్న మనిషి ఎవర్నీ డబ్బు అడగలేదని బాబాయిగారు ఎలా అంటున్నారో! ఆ పేజీ ఆయనకి చూపించండి, వాదించకుండా, చదవమని ఇవ్వండి.

నాన్నగారు అడగాల్సింది ముందే అడిగేవారు. మీరు వెనక అడుగుతున్నారు. మాస్టారు రావడం మానేసిందీ, పెద్దనాన్నగారబ్బాయి మొండికేసిందీ ఇందువల్లే.

ఫైను సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒక డిస్కు గడువు దాటి బయట ఉంటే షాపుకి ఎప్పుడు నష్టం? ఇంకొకరు అదే డిస్కు అడిగి లేదనిపించుకుని వెనక్కి వెళ్ళినప్పుడు మాత్రమే. కొత్త సినిమా వచ్చిన వారంలో అది నిజమైన నష్టం. అందుకే అప్పట్లో కొత్తవాటికి ఎక్కువ రేటు, ఒక్కరోజు గడువు ఉండేవి. ఇప్పుడు మీ దగ్గర కొత్త సినిమా లేదు. పదిహేను వందల్లో ఒకే డిస్కు కోసం ఇద్దరు పోటీపడే రోజులు ఏడాదిలో ఎన్ని? సంక్రాంతికి అల్లుళ్ళూ కూతుళ్ళూ దిగి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చి ఇంట్లో ఇరవైమంది కూర్చున్నప్పుడు. అంతర్వేది తీర్థానికి చుట్టాలొచ్చినప్పుడు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యి, కాలువలు కట్టేసి, పిల్లలకి సెలవులిచ్చినప్పుడు. మిగతా రోజుల్లో ఆ మాస్టారు రెండు రోజులు ఎక్కువ ఉంచుకున్నా మీకు పోయేది రూపాయి కూడా లేదు. పోనిదానికి ఇరవై వసూలు చేశారు. ఆయనకి కోపం వచ్చింది ఇరవైకి కాదు, తనని ఎగవేతదారులా చూశారని.

అమెరికాలో బ్లాక్‌బస్టర్ అని వేల షాపుల గొలుసు ఉండేది. ఆలస్యపు ఫైన్ల మీద బాగా సంపాదించింది, జనం చేత అంతే బాగా తిట్టించుకుంది. నెట్‌ఫ్లిక్స్ 1999లో నెలకింత కట్టండి, డిస్కు ఎన్నాళ్ళైనా ఉంచుకోండి, పాతది పంపితేనే కొత్తది వస్తుంది అని మొదలుపెట్టింది. బ్లాక్‌బస్టర్ 2005లో ఫైన్లు ఎత్తేస్తున్నామని ప్రకటించింది, 2010లో దివాలా తీసింది. ఫైను ఒక్కటే దాన్ని ముంచిందని నేననను, కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ కస్టమర్ తప్పు మీద బతికే రాబడి ఎంత తొందరగా శత్రువుని తయారుచేస్తుందో అక్కడ కనిపించింది.

రేట్లలోకి వెళ్ళేముందు మీరు అడగని విషయం ఒకటి ఎత్తక తప్పదు. ఒరిజినల్ డిస్కు కొన్నంత మాత్రాన దాన్ని డబ్బుకి అద్దెకిచ్చే హక్కు రాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సినిమా ప్రతిని వ్యాపారంగా అద్దెకిచ్చే హక్కు ఆ సినిమా హక్కుదారుదే. తెలిసి ఉల్లంఘిస్తే మామూలుగా ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా అని రాసి ఉంది. మీ పది రూపాయల బేరం కోసం ఎవరో వచ్చి కేసు పెడతారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గోడకి బోర్డు పెట్టి, రేటు పెంచి, పెద్దదిగా చేయాలనుకుంటే మాత్రం తెలిసి చేయండి.

అదే చట్టంలో మీకు పనికొచ్చే సందులు రెండున్నాయి. సినిమా విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు నిండితే దాని మీద కాపీరైటు తీరిపోతుంది. అంటే 1964 చివరిలోగా విడుదలైనవాటి గడువు 2024తో తీరిపోయింది, వాటిని మీరు ఎంతకైనా, ఎవరికైనా అద్దెకివ్వొచ్చు. మీ దగ్గర పెద్దవాళ్ళు అడిగేవి ఎక్కువగా ఆ నలుపు తెలుపు సినిమాలే అయి ఉంటాయి. రెండోది, లాభం కోసం కాకుండా నడిచే గ్రంథాలయం, సరిగా కొన్న ప్రతిని లాభాపేక్ష లేకుండా ఇస్తే అది వ్యాపారపు అద్దె కిందకి రాదు.

కాబట్టి మొదటి పని రాకుల్ని రెండుగా విడగొట్టడం. 1964 దాకా ఒకవైపు, ఆ తర్వాతవి ఒకవైపు. ఒక ఆదివారం పని. విడుదల సంవత్సరం అట్ట మీద లేకపోతే టైటిళ్ళలో సెన్సారు సర్టిఫికెట్టు మీద తారీఖు చూస్తే సుమారుగా తెలుస్తుంది.

పాతవాటిని అద్దెకిచ్చేందుకు నాకు రెండు పద్ధతులు తోస్తున్నాయి.

రోజు లెక్క మానేసి వారం లెక్క పెట్టడం ఒకటి. రెండు డిస్కులు, వారం రోజులు, ముప్ఫయ్ రూపాయలు. సఖినేటిపల్లి నుంచి వచ్చే పెద్దాయనకి రానూపోనూ ఆటో ఖర్చే మీ పది రూపాయలకి ఎన్నో రెట్లు. రేపే తెచ్చివ్వమంటే ఆయన రాడు, వచ్చినా తిట్టుకుంటూ వస్తాడు. వారం గడువైతే సంతకి వచ్చినప్పుడు తెస్తాడు. ఫైను లేదు. డిస్కుకి వంద చొప్పున డిపాజిట్టు, తెచ్చిన రోజు తిరిగి ఇచ్చేయడం. దీంతో ఇబ్బంది ఏమిటంటే, మొదటి నెల కొంతమంది డిపాజిట్టు మాట వినగానే వెనక్కి తగ్గుతారు. "మీ నాన్న ఉన్నప్పుడు ఇలా లేదమ్మా" అంటారు. రిజిస్టరు చూపించేపాటి ధైర్యం మీకుండాలి.

రెండోది నెల కార్డు. నెలకి వంద. ఎప్పుడైనా చేతిలో రెండు డిస్కులు ఉండొచ్చు, అవి తెస్తేనే వేరేవి. ఎవర్నీ గడువు అడగక్కర్లేదు, తేకపోతే వాళ్ళకే నష్టం. మొహమాటస్తులకి ఇంతకంటే హాయైన పద్ధతి లేదు, మీరు మొహమాటస్తులని ఉత్తరం చదివినవాళ్ళెవరైనా చెప్తారు. కానీ ఇది పనిచేయాలంటే క్రమం తప్పకుండా చూసేవాళ్ళు ఓ పాతికమంది కావాలి. లేకపోతే నెలకి ముప్ఫై డిస్కులు మార్చే ఒక రిటైర్డు మనిషి, ఒక్కటీ మార్చకుండా రెండో నెల కార్డు మానేసే పదిమంది మిగులుతారు. రెండు పద్ధతులూ ఒకేసారి పెట్టకండి, ఎవరికేం చెప్పారో మీకే గుర్తుండదు. మొదటిది ఆర్నెల్లు నడిపి, పదేపదే వచ్చేవాళ్ళు పోగయ్యాక రెండోదానికి మారితే నయం.

ఏ పద్ధతైనా రేట్లు పెద్దక్షరాలతో రాయించి కౌంటరు వెనక గోడకి కొట్టండి. నోటితో అడిగితే మీరు అడిగినట్టు, గోడ మీద ఉంటే షాపు అడిగినట్టు. చుట్టాలకి తగ్గించాలనిపిస్తే అద్దెలో తగ్గించండి, కావాలంటే అసలే తీసుకోకండి. డిపాజిట్టు మాత్రం అందరికీ ఒకటే. అద్దె వదులుకుంటే ముప్ఫయ్ పోతుంది, డిపాజిట్టు వదులుకుంటే డిస్కూ పోతుంది, చుట్టరికమూ కొంత పోతుంది.

ఆ ఆరు డిస్కులు మీ అన్నయ్య దగ్గర్నుంచి రావాలంటే అద్దె మాట ఎత్తకండి. "వదినా, డిస్కులన్నీ నంబర్లేసి రాస్తున్నాను, ఆదివారం మీ ఇంటికొచ్చి పట్టుకెళ్తా" అని వదినకి ఫోను చేయండి. ఆవిడే వెతికి పెడుతుంది. నాలుగు దొరికితే నాలుగే పట్టుకురండి. మళ్ళీసారి అడిగితే గోడ ఉంది.

గీతలు పడిన డిస్కు గురించి రాశారు. మెరిసే వైపు సన్నగీతలైతే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. బొమ్మ వైపు లోతుగా గీరుకుపోతే మాత్రం సమాచారం ఉండే పొరే ఊడిపోయినట్టు, ముఖ్యంగా వీసీడీలకి. అది బాగుపడదు. ఇచ్చేముందు కస్టమరు ఎదురుగానే వెలుతురుకి పట్టి చూపించి ఇవ్వండి. సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

1964 తర్వాతి డిస్కుల సంగతి. హక్కుదార్ల దగ్గర అద్దె అనుమతి తెచ్చుకోవడం ఒక దారి. ఒక్కో సినిమాకి ఒక్కో హక్కుదారుని పట్టుకుని అడగాలి, మీ స్థాయి బేరానికి ఆ తిప్పలు గిట్టవు. ఊళ్ళో మాస్టార్లు, రిటైరైనవాళ్ళు ఏడుగురు కలిస్తే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టరు చేయించొచ్చు. నాన్నగారి పేరు మీద ఒక చిన్న సినిమా గ్రంథాలయం అవుతుంది. అప్పుడు ఆ డిస్కుల మీద మీకు రాబడి ఉండదు, పెత్తనం కూడా పూర్తిగా మీది కాదు. పేరు నిలబడుతుంది. మీకు ఏది ముఖ్యమో మీరు తేల్చుకోవాలి. ఫైను కట్టి వెళ్ళిపోయిన ఆ మాస్టారినే ఈ పనికి ముందు పిలవమంటాను నేను.

ప్లేయర్ల అద్దెకి ఈ చిక్కులేవీ లేవు. యంత్రం మీది, ఎంతకైనా ఇచ్చుకోండి. మీ ఆయన యాభై ఇక్కడ పనికొస్తుంది, నిజానికి అది కూడా తక్కువే. ప్లేయరు, వైర్లు, రిమోటు, రెండు నలుపు తెలుపు సినిమాలు కలిపి రాత్రికి రెండొందలు, డిపాజిట్టు వెయ్యి. మీ నాన్నగారు 1987లో చేసిందీ ఇదే. జనం ఆ 150 కట్టింది సినిమాకి కాదు, వీధివాళ్ళంతా కూర్చుని గడిపే రాత్రికి. పండగ మూడు రోజులకి కలిపి ఒక రేటు పెట్టండి, ఎందుకంటే భోగినాడు తీసుకున్నవాళ్ళు కనుమ దాటితే గానీ తేరు.

బాబాయిగారి దగ్గరికొద్దాం. ఇద్దరూ భాగస్తులుగా నడిపి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఒకరు పోవడంతో ఆ భాగస్వామ్యం ముగిసినట్టే. 1932 నాటి చట్టం అదే చెప్తుంది. అప్పుడు చేయాల్సింది లెక్క తేల్చుకోవడం. ఆయన వాటా తేల్చకుండా ఆ సరుకుతోనే వ్యాపారం సాగిస్తే వచ్చిన లాభంలో ఆయన అడగగలరు, అందుకని దీన్ని నానబెట్టకండి. మీరు సొంతంగా పెట్టుకున్న జిరాక్సు మిషను దీంట్లోకి రాదు, ఆ మాట మొదట్లోనే స్పష్టం చేయండి.

డిస్కులు చెరిసగం పంచుకోవడం ఒక దారి. ఆయన వాటా ఇంట్లో మూలపడుతుంది, మీ రాకులు బోసిపోతాయి, ఎవరికీ లాభం లేదు. ఏకమొత్తంగా కొంత ఇచ్చి తెంచుకోవడం ఇంకో దారి. పాత డిస్కులకి ఇవాళ పలికే ధర ఎంత? అది ఆయన ఊహకి దరిదాపుల్లో కూడా ఉండదు, మాట మాట పెరుగుతుంది. నాకు నచ్చేది మూడోది. 1990ల చివర్లో అమెరికాలో క్యాసెట్టుకి సుమారు 65 డాలర్లు పెట్టి కొనలేక షాపులు నలిగిపోతుంటే, స్టూడియోలు క్యాసెట్టుని నామమాత్రపు ధరకిచ్చి, ప్రతి అద్దెలోనూ వాటా తీసుకునే ఒప్పందానికి వచ్చాయి. మీరూ అలాగే, బయటికెళ్ళిన ప్రతి డిస్కు మీద పావు వంతు బాబాయిగారిదని కాగితం రాసుకోండి. నెల తిరిగేసరికి రిజిస్టరు ఆయన ముందు పెట్టి ఇవ్వండి. మొదటి నెల చేతికి నూటయాభయ్యో రెండొందలో వచ్చాక, పది రూపాయలే ఉంచాలన్న పట్టుదల ఆయనకే సడలొచ్చు. సడలకపోయినా సరే, లెక్క ఆయన కళ్ళముందే ఉంటుంది.

ఇవన్నీ చేసినా డిస్కుల మీద నెలకి వేయి, పదిహేను వందలు దాటితే గొప్ప. అది ఇల్లు గడిపే ఆదాయం కాదు, మీ ఆయన్ని తృప్తిపరిచేదీ కాదు. ఆయన్ని తృప్తిపరిచే సరుకు మీ అటక మీద, ఆ గోనెసంచుల పక్కన ఉంది. పనిచేసే డెక్కు. జపాన్ ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో డెక్కుల తయారీ ఆపేశాక ప్రపంచంలో కొత్తవి చేసేవాళ్ళు లేకుండా పోయారు. కోనసీమలో 1990ల్లో పెళ్ళి చేసుకున్న ఎన్నో జంటల పెళ్ళి క్యాసెట్టు బీరువాలో ఉంది, చూసే దారి లేదు. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉండి అది ఫోనులోకి కావాలంటున్నారు. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్ళి వీడియో మీద హక్కు మామూలుగా ఆ తీయించుకున్నవాళ్ళదే, వాళ్ళే తెచ్చి ఇస్తే మీకు చిక్కు లేదు.

డెక్కు నుంచి కంప్యూటరులోకి ఎక్కించే చిన్న పరికరం ఒకటి కొంటే చాలు. మూడు గంటల క్యాసెట్టు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టడానికి వీల్లేదు. అందుకని రేటు క్యాసెట్టుకింతని కాకుండా గంటకింతని పెట్టండి. ఒకవైపు అది తిరుగుతుంటే ఇటు జిరాక్సు నడుస్తూనే ఉంటుంది. మన గోదావరి చెమ్మకి టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. క్యాసెట్టు మీది గాజు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున కనిపిస్తుంది. అలాంటిది శుభ్రం చేయకుండా డెక్కులో పెడితే టేపుని చదివే హెడ్డు పాడవడమే కాదు, తర్వాత పెట్టిన క్యాసెట్టుకీ అంటుకుంటుంది. బూజు పట్టినవాటికి రేటు వేరుగా చెప్పండి, రాకపోతే రాదని ముందే చెప్పి కాగితం మీద సంతకం పెట్టించుకోండి. సగం డబ్బు ముందే తీసుకోండి, వచ్చింది మీ అత్తగారి తరఫువాళ్ళైనా సరే.